పొటాషు కషాయం

నా పికప్ నంబరు ఏపీ 01తో మొదలవుతుంది. ఆదిలాబాద్ జిల్లా నంబరది. ఆ తర్వాత రాష్ట్రం వేరైంది. 2016 దసరా నాడు జిల్లా కూడా వేరై మా భైంసా నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. కొత్త బండ్లకు టీఎస్ 18 అని పడింది, ఇప్పుడు టీజీ అంటున్నారు. ఇన్ని మారినా మారనిది నా బండి ఒక్కటేనని చాయ్ హోటల్లో నలుగురి ముందు గొప్పలు పోయేవాణ్ని. అదీ మారుతోందని, ఇనుములోంచి మన్నులోకి మారుతోందని పోయినేడు మిరుగు ముందర తెలిసింది.

కనిపెట్టింది మా చిన్నబిడ్డ. వాకిట్లో ఆడుకుంటుంటే బంతి బండి కిందికి దొర్లింది. అది కిందికి దూరి బంతితో పాటు అరచేయంత ఎర్ర పెచ్చు ఒకటి పట్టుకొచ్చి, "బాపూ, బండికి పొట్టు రాలుతుంది" అన్నది, అదేదో పల్లికాయ అయినట్టు. నేను చూసి "మట్టి బిడ్డా, పారెయ్" అన్నాను. నిజంగానే మట్టి అనుకున్నా. పద్నాలుగేళ్లుగా ఆ బండి మీద బతుకుతున్న మనిషిని, ఒక్కనాడు కూడా నడుము వంచి దాని కింద ఏముందో చూసిన పాపాన పోలేదు.

పైన మాత్రం ఏ లోటూ చేయలేదు. అద్దం దగ్గర బాసర అమ్మవారి ఫొటో, ముందు బంపర్‌కు నిమ్మకాయ మిరపకాయలు, వెనక తలుపు మీద రెండు నెమళ్లు, ఏటా దసరాకు గుమ్మడికాయ. నిమ్మకాయ కంటిదిష్టి వరకే బాధ్యత తీసుకుంటుందని, కిందినుంచి వచ్చేదానితో దానికి సంబంధం లేదని నాకెవరూ చెప్పలేదు.

పెచ్చును జేబులో వేసుకుని వెల్డింగ్ చాచా దగ్గరికి పోయాను. చేతిలోకి తీసుకున్నాడు, వేళ్ల మధ్య నలిపాడు. పొడి అయింది. "జంగ్ లగా సేట్" అన్నాడు. మా దిక్కు తుప్పును జంగు అనే అంటాం. యుద్ధాన్ని కూడా జంగే అంటారు. ఇంట్లో ఆ రెండో జంగు మొదలవడానికి ఇంకా కొన్ని రోజులుంది.

చాచా గోనెపట్టా పరుచుకుని బండి కిందికి జారాడు. నన్నూ రమ్మన్నాడు. నా పొట్ట ఇరుసుకు తట్టుకుంటే పక్కకు ఒరిగి, పాక్కుంటూ, ఎట్లాగో చేరాను. ఆయన చేతిలో చిన్న సుత్తి. ఇంజను కింద కొట్టాడు, గుడిగంట తీరుగా ఖంగుమన్నది. నడుమ కొట్టాడు, ఖంగు. వెనక చక్రం మీది వంపు దగ్గర కొట్టాడు, దబ్బుమన్నది. "ముంగట ఇనుము మాట్లాడుతుంది సేట్, ఈడ జంగు మాట్లాడుతుంది" అని ఇంకోటి తగిలించాడు. సుత్తి లోపలికి పోయింది. "యే లోహా నహీ, పాపడ్ హై" అన్నాడు. ఆ చిల్లులోంచి నా ముఖం మీద చెంచాడు ఎర్రపొడి, ఎండిన రేగడి గడ్డ, ఒక పత్తిగింజ రాలాయి. ఏ ఏటి పత్తిదో, జిన్నింగ్ మిల్లు ముందర లైనులో నిలబడ్డ ఏ రాత్రి దూరిందో, నా చాసిస్ లోపల హాయిగా కాపురం పెట్టుకుంది. ఇంకో నాలుగు వానలు పడితే మొలకెత్తేదే.

కారుకు వేరే అస్థిపంజరం అక్కర్లేదు, దాని ఒళ్లే దానికి ఎముక. పికప్ అట్లా కాదు. నిచ్చెన పడుకోబెట్టినట్టు రెండు పొడుగు దూలాలు, నడుమ అడ్డపట్టీలు. ఇంజనూ, క్యాబినూ, డబ్బా, నా అప్పులూ అన్నీ దాని మీదే కూర్చుంటాయి. ఆ దూలాలు కొన్నిచోట్ల పెట్టెల్లా మూసి ఉంటాయి. లోపల చేరిన నీళ్లు కారిపోవడానికి అడుగున రంధ్రాలు పెడతారు. మా నల్లరేగడి సంగతి తెలిసిందే, చెప్పుకు అంటితే చెప్పునే ఉంచుకుంటుంది. చేలల్లోకి పోయి వచ్చిన ప్రతిసారీ అది ఆ రంధ్రాలకు బిరడా కొట్టింది. తుప్పుకు కావలసినవి రెండే, నీళ్లూ గాలీ. రేగడి నీళ్లను దాచిపెట్టింది, గాలి ఎట్లాగూ ఉచితం.

"బండిల ఏమేస్తవు?" అని అడిగాడు చాచా.

"ఎరువులు. నా దుకాణం అదే గద."

"కడుగుతవా?"

ఇక్కడ నా గొంతులో కొంచెం గర్వం వచ్చింది. "రోజూ కడుగుతా చాచా. బస్తాలు దించినంక పైపు పెట్టి డబ్బా అద్దం తీరుగ కడుగుతా."

చాచా బండి కిందే పడుకుని నవ్వాడు. కాసేపటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

సంగతి ఏమిటంటే, 45 కిలోల యూరియా బస్తా అయినా, 50 కిలోల డీఏపీ అయినా, ఎర్ర పొటాషు అయినా, కుట్టు దగ్గర కొంచెం జారకుండా ఉండదు. జారింది డబ్బా సందుల్లో పడుతుంది. ఎర్ర పొటాషు అంటే పొటాషియం క్లోరైడ్, మన వంటింటి ఉప్పుకు సొంత చిన్నాయన కొడుకు. ఇనుముకు ఉప్పు తగిలితే తుప్పు నడక మానేసి పరుగు పెడుతుంది. నేను రోజూ సాయంత్రం పైపు పట్టుకుని ఆ పొటాషును నీళ్లలో కలిపి, సందుల్లోంచి కిందికి జార్చి, చాసిస్ ప్రతి మూలకూ అందేటట్టు తాగించాను. తీరిగ్గా, శుభ్రంగా, పద్నాలుగేళ్లు. డబ్బా మెరిసింది. ఆ కషాయం మీద 2021 జూలైలో వరద వచ్చి మా ఆటోనగర్ మునిగినప్పుడు బండి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక సీట్లు ఎండబెట్టాను, రేడియో ఎండబెట్టాను. కింద మాత్రం చూడలేదు.

మా బామ్మర్ది మిషిగన్‌లో ఉంటాడు. వాళ్ల అక్క చెప్పినట్టుంది, ఆ రాత్రే ఫోను చేశాడు. "బావా, ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతరు. బండ్ల కింద నీ బండి లెక్కనే అయితది. టయోటా పికప్‌ల ఫ్రేములు తుప్పు పట్టినయని జనం కోర్టుకు పోతే, 2016ల కంపెనీ రాజీకొచ్చింది. పదిహేను లక్షల బండ్లు, 340 కోట్ల డాలర్ల దాక లెక్క. ఫ్రేము చూసి, పాడైతే కొత్తది వేసిచ్చిండ్రు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ ఎవరిమీదో ఒకరిమీద కేసు వేయాలనుకున్నాను. పొద్దున లేచి ఆలోచిస్తే పైపు పట్టుకున్నది నేనే, నల్లా నాదే, పొటాషు నా దుకాణానిదే.

చాచా చెప్పిన వైద్యం పెద్దది: డబ్బా దించాలి, గీకాలి, పట్టీలు వెయ్యాలి, పదిహేను రోజులు బండి రోడ్డెక్కదు. ఎరువుల సీజను ముందర పదిహేను రోజులా! సొంత వైద్యం చేద్దామని తీర్మానించాను. ఇంతకన్నా తెలివైన తీర్మానాలు నా జీవితంలో ఉన్నాయి, కానీ చాలా లేవు.

మొదట పాత ఇంజనాయిలు. మెకానిక్కుల దగ్గర ఊరికే దొరుకుతుంది. చీపురుకట్టతో కింద అంతా పూశాను. తెల్లారి మా ఆవిడ ముగ్గు వేయడానికి వస్తే వాకిట్లో ముందే నల్లచుక్కల ముగ్గు వేసి ఉంది, పదిహేను చుక్కలు, పదిహేను వరసలు. అది కడిగితే పోదు, తొక్కితే ఇంట్లోకి వస్తుంది. వచ్చింది. దేవుని అర్ర దాకా వచ్చింది. వారం రోజుల్లో ఆ నూనెకు దుమ్ము అంటి బండి కింద ఇంకో రేగడి చెలక తయారైంది. ఇరుసు దగ్గరి రబ్బరు బుష్షులు కూడా ఆ నూనెలో నాని ఉబ్బాయి.

తర్వాత డబ్బాలో దొరికే నల్ల కోటింగ్ తెచ్చాను, తారులాంటిది. "తుప్పు గీకి, కడిగి, ఆరినాక పూయండి" అని దాని మీద రాసి ఉంది. నేను ఎరువుల బస్తాల మీది రాతలన్నీ రైతులకు చదివి వినిపించేవాణ్నే. ఇది మాత్రం చదవలేదు. తుప్పు మీద, మట్టి మీద, నూనె మీద, ఎక్కడ దొరికితే అక్కడ రెండు కోట్లు వేశాను. బండి కింద కాకి రెక్కలాగా నిగనిగలాడింది. పదిమందిని పిలిచి పడుకోబెట్టి చూపించాను. వానాకాలం దాటి దీపావళి వచ్చేసరికి ఆ నలుపు చాపచుట్టలా ఊడి కిందికి వేలాడింది. వెనకవైపు చూస్తే దానికి అంటుకుని అప్పడాల వరస. కోటింగ్ లోపల తేమను దాచి, తుప్పుకు పరుపు పరిచి, దుప్పటి కప్పి పడుకోబెట్టాను.

చాయ్ హోటల్లో పాత సోషల్ పంతులుసారు ఈ వార్త విని కళ్లజోడు సవరించుకున్నాడు. "గోదావరి అవతల నిజామాబాదు జిల్లాల కోనసముద్రం ఉన్నది తెలుసా? ఆడ మూసలల్ల కరగబోసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేటోళ్లు. కత్తులు చేసేటందుకు. వాయ్సీ అనే తెల్లదొర 1820ల నాడు వచ్చి ఆ పనంత చూసి రాసిపెట్టిండు. ఆ ఉక్కు పుట్టిన గడ్డ మీద పుట్టి, నువ్వు ఇనుమును అప్పడం జేసినవు" అన్నాడు. హోటలంతా నవ్వింది. చాయ్ పైసలు నేనే ఇచ్చాను.

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా ఆవిడ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టెలయ్యాక ఇనుప పెనం కడిగింది, గుడ్డతో తుడిచింది, మళ్లీ సన్నని మంట మీద పెట్టి చుక్క తేమ లేకుండా ఆరబెట్టింది, నూనెగుడ్డతో ఒకసారి రాసి గోడకు తగిలించింది. ఆ పెనం మా అమ్మది, అంటే ఎంత లేదన్నా నలభై ఏళ్లది. దానికి జంగు ఎక్కడం నేను చూడలేదు. చూస్తూ చూస్తూ "గట్లనా!" అన్నాను.

"ఏంది గట్లనా?"

"కడగాలె, ఆరబెట్టాలె, గప్పుడు నూనె రాయాలె."

"పద్దెనిమిదేండ్ల సంది నీ ముంగటనే చేస్తున్న గదనయ్యా" అన్నది. "నువ్వు రొట్టె దిక్కే చూస్తివి."

చివరికి బండి చాచా షెడ్డుకే పోయింది. డబ్బా దించారు. వైరు బ్రష్షుతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రెండు రోజులు గీకారు. రంధ్రాలు ఊచతో పొడిచి తెరిచి, లోపలికి పైపు పెట్టి, ఎర్రనీళ్లు తెల్లనీళ్లయ్యేదాకా కడిగారు. రెండు రోజులు ఎండలో ఆరబెట్టారు. కుళ్లింది కోసేసి, బ్యాటరీ తీగలు విప్పించి, మందం రేకు పట్టీలు వెల్డింగ్ చేశారు. ఆపైన రెడాక్సైడ్ రెండు కోట్లు, దాని మీద నల్ల పెయింటు, పెట్టెల లోపలికి పల్చటి నూనె పిచికారీ. రంధ్రాలు మాత్రం మూయలేదు. మూయబోతే చాచా చేతిమీద కొట్టాడు. డబ్బాలో ఇప్పుడు మందపాటి రబ్బరు పట్టా పరిచి దానిమీదే బస్తాలు వేస్తున్నాను. జారింది చీపురుతో ఊడ్చి ఎత్తుతున్నాను. నీళ్లు కొడితే కింద కూడా కొట్టి, ఎండలో నిలబెడుతున్నాను. ఖర్చు ఎంతయిందో ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది.

ఒక్క చిక్కు మిగిలింది. చాచాను చూసి నేనూ ఒక చిన్న సుత్తి కొన్నాను. రోజూ పొద్దున బండి కింద పడుకుని ఖంగు వినిపిస్తేనే చాయ్ తాగుతున్నా. అక్కడితో ఆగితే బాగుండేది. గేటు కొట్టి చూశాను, పాస్. కూలర్ స్టాండు కొట్టాను, ఒక కాలు ఫెయిల్. పక్కింటాయన ట్రాక్టర్ ట్రాలీ ఆయన లేనప్పుడు కొట్టాను, ఉన్నప్పుడు మాట పడ్డాను. పోయిన ఆదివారం మా ఆవిడ పుట్టింటివాళ్లిచ్చిన ఇనుప బీరువా అడుగున కొట్టాను. దబ్బుమన్నది. "మీవాళ్లిచ్చింది అప్పుడే పోయింది" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. నాది వచ్చే నెల పద్నాలుగున, నిర్మల్‌లో. బండి తయారుగా ఉంది. సుత్తి మాత్రం ఆదివారం నుంచి కనిపించడం లేదు.