సంతకం కోసేసిన బొమ్మ

మొన్న మా మనవడు ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "తాతా, ఇది సూడు, బలేగుంది" అన్నాడు. చూశాను. బాపు గీత. ఆ జడ వంపు చూస్తే చాలు, అక్షరం చదవక్కర్లేదు నాకు. కానీ మూలన ఉండాల్సిన సంతకం లేదు. దాన్ని కత్తిరించేసి, అక్కడ ఏదో గ్రూపు పేరు ఎర్రరంగులో కొట్టుకున్నారు.

"ఎవులు గీసిందిరా ఇది?" అన్నాను.

"ఏమో తాతా, గ్రూపులోకి వచ్చింది."

ఒళ్లు మండిపోయింది.

మా రోజుల్లో ఎచ్చెర్లలో పేపరు వేయించుకునే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లమంతా హైవే పక్కన టీ బడ్డీ దగ్గరే. 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు మొదలయ్యాక తెల్లారేసరికి పేపరు చూడ్డం మాకు అలవాటైంది. తర్వాత్తర్వాత అందులో శ్రీధర్ కార్టూను 'ఇదీ సంగతి' వచ్చాక పెద్దక్షరాల వార్త కంటే ముందు కళ్లు అటే పోయేవి. చదువురాని మా పెదనాన్న ఎన్టీఆర్ బొమ్మ చూసి, "ఇయేల ఈయనేటన్నాడ్రా?" అని అడిగేవాడు. ఒకడు చదివితే పదిమంది నవ్వేవారు. ఆ నవ్వు దగ్గర మొదలైన మాట కరెంటు కోత మీదికి, కిరసనాయిలు క్యూ మీదికి పోయేది.

ఆదివారం వస్తే నాకు అదే పని. వారం పేపర్లు ముందేసుకుని, పాత బ్లేడుతో కార్టూన్లు కోసి, మైదాపిండి జిగురుతో నోటుపుస్తకంలో అంటించేవాణ్ణి. కింద సిరాతో తేదీ. తేదీ వెయ్యని రాజకీయ కార్టూను సగం చచ్చినట్టే. ఏ మంత్రో, ఏ ధరో, ఏ సమ్మెనో పదేళ్లు పోయాక ఎవడు చెబుతాడు? అలా తొమ్మిది నోటుపుస్తకాలు నింపాను. ఇల్లు బాగుచేయించినప్పుడు పాత పేపర్లతో పాటు అవీ తూకానికి పోయాయి. ఆ రోజు నేను ఊళ్లో లేను. ఇప్పటికీ తలుచుకుంటే అన్నం సయించదు.

మిగిలింది ఒక్కటే, అచ్చేసిన పుస్తకం: 'బాపు కార్టూన్లు'. అట్ట ఊడిపోతే దబ్బనంతో నేనే కుట్టాను. వెనక పేజీలకి చెదలు కొంచెం తగిలింది, అయినా ఒక్క బొమ్మా పోలేదు. పేపరు మర్నాటికి పొట్లం అయిపోతుంది. అదే కార్టూను పుస్తకంలోకి ఎక్కితే ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా గీసినవాడి పేరుతోనే నిలబడుతుంది. ఒక పక్క బొమ్మ, మరో పక్క బొమ్మ కలిపి చూస్తే ఆ కాలం ఇళ్లెలా ఉండేవో, మొగుడూ పెళ్లాలెలా మాట్లాడుకునేవారో వరసగా కనిపిస్తుంది. ఫోనులో ఒక్క బొమ్మ వస్తుంది, పోతుంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు.

తెలుగు కార్టూనుకి మొదటి మనిషి తలిశెట్టి రామారావు మన ఎగువనున్న జయపురంలో 1906 మే 20న పుట్టారు. అప్పటికి జయపురం విశాఖ జిల్లాలోదే. ఆ తేదీనే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం చేస్తున్నారు. ఈ మాట మా మనవడికి ఏ మాస్టారూ చెప్పలేదు. విశాఖలో రాగతి పండరి గారు, పోలియోతో కాళ్లు సహకరించకపోయినా, ఆడవాళ్లు ఈ గీత పట్టడం అరుదైన రోజుల్లో వేల కార్టూన్లు గీశారు. 2015 ఫిబ్రవరిలో పోయారు. ఆవిడ బొమ్మలూ ఇలాగే పేరు లేకుండా తిరుగుతున్నాయేమోనని నా భయం.

శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో కథానిలయం పెట్టారు. ఎక్కడెక్కడి పాత పత్రికలో పోగేసి, ఏ కథ ఎవరిదో, ఎప్పుడచ్చయిందో తేల్చారు. కథకి అంత పని మన ఊరి పక్కనే జరిగింది. మరి కార్టూనుకో? శ్రీధర్ గారు నలభై ఏళ్లు గీసి 2021లో ఈనాడు నుంచి బయటికొచ్చారు. నలభై ఏళ్ల రాష్ట్ర చరిత్ర అది! ఏడాదికొక సంపుటం చొప్పున, తేదీలతో, కింద రెండు ముక్కల వివరంతో చవక అట్టల పుస్తకాలుగా ప్రతి గ్రంథాలయంలో ఉండాల్సిన సరుకు.

ఇప్పుడు ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. వేలమంది పిల్లలు. కిందటి నెల ఒక పుస్తకాల దుకాణానికెళ్లి కార్టూన్ల పుస్తకం అడిగితే ఆ కుర్రాడు గ్రూప్ టూ గైడు తీసి ఇచ్చాడు. పాపం, వాడి తప్పేముంది? అడిగేవాళ్లు లేరు.

మనవణ్ణి కూర్చోబెట్టి నా పుస్తకం తిరగేయించాను. అరగంటకి వాడి ఫోనులోని బొమ్మ అందులో దొరికింది, మూలన సంతకంతో సహా. "ఫొటో తియ్యి. బాపు అని రాసి అదే గ్రూపులో పెట్టు" అన్నాను. పెట్టాడు. రాత్రి దాకా ఎవరూ పలకలేదు. పొద్దున్నే మళ్లీ పెట్టమన్నాను.