కుక్కకు రేటు కట్టలేదు

వరదలో పాడిగేదె చస్తే 37,500 రూపాయలు. కాడెద్దు పోతే 32,000. మేక, గొర్రె, పంది ఏదైనా తలకు 4,000. కోడికి వంద. 2022-26 కాలానికి కేంద్రం రాష్ట్రాలకిచ్చిన విపత్తు సాయం పట్టికలో ఉన్న రేట్లివి. ఇంటికి మూడు పెద్ద పాడి పశువులకే సాయమని కూడా అందులోనే ఉంది. అంటే నాలుగో గేదె కొట్టుకుపోతే, అది తన ఇష్టపూర్వకంగా వెళ్లినట్టు లెక్క.

కుక్క, పిల్లి ఆ పట్టికలో లేనే లేవు.

చిలమత్తూరులో వరద సంగతి ఎత్తితే నవ్వుతారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నీళ్లు వచ్చాయంటే ట్యాంకర్ వచ్చిందనే అర్థం. పశువుల శిబిరం అన్నా కరువులో గడ్డి వేసే శిబిరమే గుర్తొస్తుంది. ఇది కరువుసీమ అని 2021 నవంబర్ 19న చిత్రావతి నదికి ఎవరూ చెప్పినట్టు లేదు. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఏట్లో కారు చిక్కుకుంది. కారులోవాళ్లను తేవడానికి జేసీబీ వెళ్లింది, అదీ చిక్కుకుంది. చివరికి వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పదిమందిని గట్టున పడేసింది. మనుషుల వంతుకే ఇంత తతంగమైతే, మేకపిల్ల వంతు ఎప్పుడని అడిగేవాడు ఎంత మొండివాడై ఉండాలి!

అయినా ఒకడు అడిగాడనుకుందాం. అర్ధరాత్రి, వాన, మైకులో కేక, హైస్కూలు గేటు.

"సార్, వీటిని లోపలికి తోలుకుందునా?"

"మనుషులకేనప్పా. వాటికేమన్నా ఆధార్ ఉందా?"

"ఆవుకుంది సార్. కుక్కకు లేదు."

అబద్ధమేమీ కాదు. ఆవు చెవికున్న పసుపు బిళ్ల మీద 12 అంకెల నంబరు ఉంటుంది. కుక్క మెడలో ఉన్నది తాయెత్తు.

విమానం ఎక్కే కుక్కల విషయంలో మాత్రం సర్కారుది వెన్నలాంటి మనసు. 2022లో యుక్రెయిన్ నుంచి విద్యార్థులు వస్తుంటే, వెంట తెచ్చుకునే కుక్కలకు, పిల్లులకు కాగితాల నిబంధన ఒక్కసారికి సడలించారు. ఒక హస్కీ దర్జాగా కేరళ చేరింది. తణుకు డాక్టర్ గిరికుమార్ పాటిల్‌కు ఆ సడలింపు పనికిరాలేదు. ఆయన పెంచుకున్నవి జాగ్వార్, నల్ల చిరుత. లంకేశ్వరుడు సినిమాలో చిరంజీవిని చూసి ఆ మోజు పుట్టిందని ఆయనే చెప్పాడు. వాటిని వదిలి రానని దోన్‌బాస్‌లో బాంబుల కింద నేలమాళిగలో కూర్చున్నాడు. తర్వాత ఆయన పోలండ్ చేరాడు, పెద్దపిల్లులు యుక్రెయిన్‌లోనే ఉండిపోయాయి.

2005లో కత్రినా తుఫానప్పుడు అమెరికాలోనూ ఇదే గోల. కుక్కను వదిలి రాలేమని కొందరు ఇల్లే కదల్లేదు. మరుసటి ఏడే తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలని చట్టం తెచ్చారు. కుక్క మీద జాలి ఎంతో తెలీదు కానీ, కుక్కను వదలని మొండి మనిషిని కదిలించడానికి వేరే దారి లేకపోయింది.

మన దగ్గర జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పేది చిన్న మాట: వరదొస్తుంటే పశువుల కట్లు విప్పండి. పైసా ఖర్చు లేదు, బిల్లు పెట్టే వీలూ లేదు, కాబట్టి ప్రచారమూ లేదు. పైగా తడిసిన పలుపు ముడి ఊడిరాదు. కొడవలి చేతికందే చోట, చూరులోనే ఉండాలి. కుక్క గొలుసు కొక్కెం తుప్పు పట్టి ఎన్నేళ్లయిందో పట్టపగలే ఒకసారి లాగి చూసుకోవాలి. రేబిస్ టీకా కార్డు రేషన్ కార్డున్న కవర్‌లోనే పెడితే రెండూ కలిసే బయల్దేరతాయి. కుక్క బెల్టు మీద ఫోన్ నంబరు రాయాలి, రీచార్జ్ ఉన్న సిమ్‌ది. పిల్లికి మూతున్న బుట్ట కావాలి. దాన్ని వారం ముందే ఇంట్లో పెట్టకపోతే, ఆ రాత్రి పిల్లి అటక మీద, యజమాని నిచ్చెన మీద.

1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ కూడా వస్తుంది, వంక మీద రోడ్డు మిగిలి ఉంటే.