నలభై నాలుగో నంబరు ధర్మాసుపత్రి

అమెరికాలో న్యూ హేవెన్ అని ఒక ఊరుంది. 1950ల చివర్లో ఓక్ స్ట్రీట్ అనే పేదల పేటను కూలగొట్టి అక్కడ హైవే వేశారు. ఆ హైవే ఒక్క మైలు సాగి, పెద్దాసుపత్రి దగ్గర ఆగిపోయింది. ఇప్పుడా ఊరివాళ్లే సిగ్గుపడి దాన్ని పూడ్చుకుంటున్నారు. పడరూ మరి! ఆసుపత్రి రోడ్డు మైలేనా?

మాది చూడండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటికీ కలిపి ఆసుపత్రి రోడ్డు ఒకటే, 44వ నంబరు జాతీయ రహదారి. ఒక కొస శ్రీనగర్, ఇంకో కొస కన్యాకుమారి. అంత పొడుగునా ఎక్కడో ఒకచోట డాక్టరు దొరక్కపోతాడా అని ప్రభుత్వాల ధీమా.

వైద్యం జరిగే తీరు ఇది. పెనుకొండలో ఒకడు బైకు మీంచి పడి తల పగిలిందనుకోండి. ఇక్కడ కట్టు కట్టి, సెలైన్ ఎక్కించి, చేతిలో చీటీ పెడతారు. "ఇక్కడ కాదప్పా, అనంతపురం పెద్దాసుపత్రికి తీస్కపోండి." సరే, సుమారు 70 కిలోమీటర్లు ఉత్తరానికి. అక్కడ స్కానింగు చూసి ఇంకో చీటీ రాస్తారు, బెంగుళూరు నిమ్హాన్స్‌కు. ఇక రెండు వందల కిలోమీటర్లు దక్షిణానికి, మళ్లీ పెనుకొండ మీదుగానే. స్పృహలో ఉంటే సొంత ఊరి బోర్డు చూసి దండం పెట్టుకోవచ్చు. తెలిసినవాళ్లు మొదటి చీటీ జేబులో పెట్టుకుని నేరుగా బెంగుళూరు బండెక్కేస్తారు. తలకు నిమ్హాన్స్, గుండెకు జయదేవ, క్యాన్సర్‌కు కిద్వాయ్, అన్నీ కర్ణాటకలోనే. ఓటుకు సొంత రాష్ట్రం, ప్రాణానికి పక్క రాష్ట్రం.

గ్రహబలం మాత్రం మాకు అమోఘం. 2024లో ధర్మవరం గెలిపించిన సత్యకుమార్ యాదవ్ సాక్షాత్తూ రాష్ట్ర ఆరోగ్య మంత్రి. పెనుకొండ ఎమ్మెల్యే సవితమ్మ కూడా మంత్రే. హిందూపురం 2014 నుంచి వరసగా గెలిపిస్తున్న బాలకృష్ణ బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి ఛైర్మన్. ఆసుపత్రి మంచిదే, కాకపోతే ఉన్నది హైదరాబాదులో. హిందూపురం రోగి ఇదే రోడ్డెక్కి నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు పోతే, తన ఎమ్మెల్యే ఆసుపత్రి గుమ్మం తొక్కొచ్చు.

అలాగని మమ్మల్ని ఎవరూ మరిచిపోలేదు. 2021 మే 31న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఒక్క రోజులో, కూర్చున్న చోటినుంచే, 14 వైద్య కళాశాలలకు శంకుస్థాపన చేశారు. అందులో పెనుకొండ ఉంది. ఆయన దిగిపోయేనాటికి కూడా కాలేజీ తెరుచుకోలేదు. 2025లో చంద్రబాబు ప్రభుత్వం పది కాలేజీలను పీపీపీ పద్ధతిలో ప్రైవేటుకు అప్పగిస్తామంది. అందులోనూ పెనుకొండ ఉంది. ముఖ్యమంత్రి ఎవరైనా జాబితాలో మా పేరు తప్పదు.

పక్కనే ఎర్రమంచి. 2017 ఏప్రిల్‌లో కియాతో ఒప్పందం కుదిరింది, 2019 జనవరికల్లా కారు బయటికొచ్చింది. కరువు సీమలో గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు సైతం టైముకొచ్చాయి. అంటే చేతకాక కాదు. ఆ కంపెనీ కూడా మా ఆసుపత్రుల పద్ధతి పాటించి ఉంటే, ఇంజను అనంతపురానికి, బ్రేకులు బెంగుళూరుకు రాసిచ్చి, కారును తోసుకుపొమ్మనేది.

ఇక పుట్టపర్తి. 1991లో సత్యసాయి ట్రస్టు అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టింది. అందులో బిల్లు కౌంటరే లేదు. ఒక ట్రస్టు చేసింది సర్కారు చేయలేదా అని ఎవరైనా అడుగుతారేమోనని, 2022లో ప్రభుత్వం మా జిల్లాకు సత్యసాయి బాబా పేరు పెట్టి రుణం తీర్చేసుకుంది.

అందుకే ఏలినవారికి నా మనవి. కొత్తగా ఏమీ కట్టకండి, ఈ రోడ్డునే ఆసుపత్రిగా ప్రకటించండి. కిలోమీటరు రాళ్లకు పడక నంబర్లు వేయించండి. మరూరు టోల్ ప్లాజాలో ఓపీ చీటీలు ఇప్పించండి. కాన్పుల వార్డు విడిగా అక్కర్లేదు, 108 సిబ్బంది ఆ పని రోడ్డు పక్కనే చేసిపెడుతున్నారు. జాతీయ రహదారి కాబట్టి ఖర్చు ఢిల్లీది, రిబ్బను మీది. పీపీపీకి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. గేట్లున్నాయి, కెమెరాలున్నాయి, ఫాస్టాగ్ ఉంది, బండి ఆగీ ఆగకముందే డబ్బు తెగుతుంది.

ఒక్కటే చిక్కు. టోల్ గేటు దగ్గర అంబులెన్సును డబ్బు అడగకూడదని నిబంధన. ఆరోగ్య మంత్రిగారు పొరుగూరి ఎమ్మెల్యే కదా అన్న చనువుతో అడుగుతున్నా. రేపు పెనుకొండ కాలేజీని తీసుకునే భాగస్వామి గేటుకు కూడా ఆ నిబంధన రాశారా సార్?