డిటెక్టరు మామ

రాయలసీమలో పాడుబడ్డ కోటో, కూలిన గుడో ఉన్న ప్రతి ఊళ్లో ముగ్గురు తప్పకుండా ఉంటారు. కోట కట్టించిన రాజు పేరు తప్పు చెప్పేవాడు ఒకడు. ఆ కోటలో దయ్యాన్ని కళ్లారా చూసినవాడు ఒకడు. దాని కింద లంకెబిందెలు ఉన్నాయని తెలిసినవాడు ఒకడు. మొదటి ఇద్దరి వల్ల ఎవరికీ ఖర్చు లేదు. మూడోవాడు మెటల్ డిటెక్టరు మిషను కొంటాడు. ఆ రోజు నుంచి ఊరంతా అతన్ని డిటెక్టరు మామ అంటుంది. వరసకు బావ అయ్యేవాళ్లు కూడా మామ అనే అంటారు.

మామకు యాభై ఐదు దాటి ఉంటాయి. శనక్కాయ పంట మీద నమ్మకం పోయి, బోరు మీద నమ్మకం పోయి, చివరికి భూమిలో బంగారం మీద మాత్రమే నమ్మకం మిగిలిన రైతు. లేదంటే రిటైరై, పీఎఫ్ డబ్బు చేతికొచ్చి, పొద్దు ఎలా పుచ్చాలో తెలియని ఉద్యోగి. ఎవరైనా సరే, అంతకు ముందే అంజనం వేయించి ఉంటాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలన్నీ తిరిగి ఉంటాడు. అవన్నీ అయ్యాకే సైన్సులోకి దిగుతాడు. "నాకు మూఢనమ్మకాలు లేవప్పా. నాదంతా టెక్నికల్" అంటాడు. అంటూనే మిషను పిడికి నిమ్మకాయ కడతాడు. ఆయుధపూజ నాడు ట్రాక్టరు కంటే ముందు దానికే పసుపూ కుంకుమా.

ఆయన భార్య అభిప్రాయం ఊరందరికీ తెలిసిందే. "ఇంట్లో చక్కెర డబ్బా యాడుందో తెలీదు గానీ, ఐదొందల ఏండ్ల నాటి బిందె యాడుందో తెల్సంట ఈ మనిషికి!"

చూడ్డానికి ఆ మిషను పెద్ద అవతారమేమీ కాదు. మోచేతిని ఆనించుకునే పిడి, దాని మీద చిన్న పెట్టె, నడుమెత్తు కడ్డీ, కడ్డీ చివర అన్నం పళ్లెమంత గుండ్రటి కాయిలు. కాయిల్లోని తీగచుట్టలో కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. మామూలు మిషన్లలో ఇది 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి కరెంట్లు లేస్తాయి. వాటి జవాబును ఇంకో చుట్ట పట్టుకుని హెడ్‌ఫోనులో కుయ్‌మనిపిస్తుంది. జవాబు ఎంత వెనకబడి వచ్చిందో చూసి ఇది ఇనుమా, రాగా, వెండా అని ఒక అంచనా కడుతుంది. మిషను చేసే పని ఇంతే. "లోహం ఉంది" అన్నది మిషను మాట. "రాయలవారు దాచింది" అన్నది మామ మాట.

అమ్మినవాడు ముప్పై అడుగుల లోతు చూపిస్తుందన్నాడు. నిజానికి ఈ రకం మిషనుకు నాణెమైతే జానెడు, మహా అయితే అడుగు. బిందెంత వస్తువైతే ఇంకో రెండడుగులు. ఈ లెక్క చెబితే మామ నొచ్చుకోడు. "అది తెల్లోళ్ల నేల లెక్కప్పా. మన భూమి సారమే వేరు" అంటాడు. వేరే, కాదనలేం. ఇనుప ఖనిజం కలిసిన ఎర్రనేలలో ఆ లోతు ఇంకా తగ్గుతుంది. మట్టే మిషనుతో మాట్లాడ్డం మొదలుపెడుతుంది.

ట్యూనింగు అవసరం అందుకే. దీన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. లోహం లేని జాగా చూసుకుని, కాయిలును అడుగెత్తుకు లేపి, నేలకు రెండంగుళాల దాకా దించి, మళ్లీ లేపి, మళ్లీ దించి, పైనా కిందా శబ్దం ఒకేలా వినిపించేదాకా నాబు తిప్పాలి. మట్టి గొడవ పట్టించుకోకు, లోహం సంగతి చెప్పు అని మిషనుకు నచ్చజెప్పడమన్నమాట. మామకు ఈ పద్ధతి కంఠతా వచ్చు. చిక్కల్లా ఆ లోహం లేని జాగాతోనే. మన ఊళ్లలో అదెక్కడ? గుడి వెనక ఎద్దు నాడా, బడి వెనక కంపాసు ముల్లు, రచ్చబండ దగ్గర సోడా మూతలు, ఆసుపత్రి దారంతా మాత్రల రేకులు. బంగారం ఉన్న చోటు మామకు తాతల నాటి నుంచీ తెలుసు. ఏమీ లేని చోటు వెతకడానికే పొద్దు నడినెత్తికి వస్తుంది.

సెన్సిటివిటీ నాబును మాత్రం మామ ఎప్పుడూ చివరి దాకా తిప్పేస్తాడు. డబ్బులన్నీ పెట్టి కొన్న మిషనును సగానికి తిప్పి వాడడమేమిటన్నది ఆయన వాదం. పైన కరెంటు లైను ఉంటుంది, జేబులో సెల్‌ఫోను ఉంటుంది, కాళ్ల కింద ఎర్రమట్టి ఉంటుంది. మిషను తొలకరి మడిలో కప్పల్లా అన్ని దిక్కులా అరుస్తుంది. కాయిలును నేలకు సమాంతరంగా, అంగుళమో రెండంగుళాలో ఎత్తులో ఉంచి, నిదానంగా, ఒక ఊపు మీద సగం దాకా ఇంకో ఊపు పడేలా తిప్పాలి. మామ ఊపు గట్టు మీద నిలబడ్డ జనం కోసం. రెండు చివర్లా కాయిలు మోకాలెత్తు లేస్తుంది. లేచినంతసేపూ అది వెతికేది గాలినే.

టీ బంకు దగ్గర ఆయన ఇచ్చే డెమో చూడాల్సిందే. ఇనుము వద్దని సెట్టింగు పెట్టి, "ఏదీ, ఒక రూపాయి బిళ్ల వెయ్యండప్పా" అంటాడు. వేస్తారు. మిషను పలకదు.

"చెడిపోయిందా మామా?"

"మిషను కాదురా, రూపాయి చెడిపోయింది."

ఇందులో అబద్ధం లేదు. 1992 నుంచి మన రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలుదే. మిషను దాన్ని ఇనుము జాబితాలోకి తోసేస్తుంది.

చేలోకి దిగాక మామ ఆ సెట్టింగు తీసేస్తాడు. ఏ శబ్దాన్నీ వదలడు. ఆ సెట్టింగు పేరు డిస్క్రిమినేషన్; ఫలానా లోహం వద్దని మిషనుకు చెప్పే ఏర్పాటు. ఈ విషయంలో మామ పక్షాన కొంత న్యాయం ఉంది. సన్నటి బంగారు ఉంగరమూ, అల్యూమినియం రేకూ మిషనుకు ఒకే తీరుగా వినిపిస్తాయి. రేకు వద్దంటే ఉంగరమూ పోతుంది. అందుకని అన్నీ తవ్వుతాడు. తవ్వినవన్నీ ఒక గోనెసంచిలో భద్రం: నాగలి కర్రు ముక్క, చెవి లేని తాళం, తాళం లేని చెవి, తల విరిగిన బోల్టులు, సైకిలు బెల్లు మూత. బెల్లు మూత మీద కంపెనీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. "టిప్పు సుల్తాను డాలు మీది బొడిపె" అంటాడు మామ.

మామ నిధి వేట ఒకటి నేను దగ్గరుండి చూశాను. కోట కింద చేను. మామ చేతిలో మిషను. పక్కన గడ్డపార పట్టుకుని అల్లుడు. అల్లుడంటే కూతురి మొగుడు కాదు. వరసకు అల్లుడు, కూలికి గడ్డపార. మామ కాయిలు తిప్పుతుంటే అల్లుడు ఎడమ పక్కన గడ్డపార నేలకు ఆనించి నిలబడ్డాడు. మిషను గట్టిగా అరిచింది.

"ఈడే రా అల్లుడూ. పెద్దదే!"

అడుగున్నర తవ్వారు. మట్టి తప్ప ఏమీ లేదు. అలిసిపోయి అల్లుడు గుంత దాటి కుడి పక్కకొచ్చి, గడ్డపార మీద ఒరిగి ఊపిరి పీల్చుకున్నాడు. మామ మళ్లీ తిప్పాడు. ఈసారి కుడివైపు మోగింది.

"జరిగిందిరా!"

"ఏం జరిగింది మామా?"

"బిందె. నడుస్తాంది. మా అవ్వ చెప్తాండె, తాకితే బిందెలు నడుస్తాయని."

అక్కడా తవ్వారు. అల్లుడు ఎటు జరిగితే బిందె అటు జరిగింది. మూడో గుంత దగ్గర, మేకలు తోలుకొచ్చిన ముసలాయన చాలాసేపు చూసి అన్నాడు: "ఆ పిల్లోన్ని గడ్డపార తీస్కొని ఆ చింతచెట్టు కింద కూచోమను సామీ. బిందె గూడ పొయ్యి ఆన్నే కూచుంటాదేమో చూస్తాం."

మామ హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకున్నాడు. గడ్డపార వైపు ఒకసారి చూశాడు. "నాకు తెల్సులేప్పా. వీడు కనిపెడతాడో లేదో అని చూసినా" అన్నాడు.

ఆయన్ను మరీ ఎగతాళి చేయడం కూడా తగదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కే ఈ పనిలో పరాభవం తప్పలేదు. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను ఒకడు తుపాకీతో కాల్చాడు. గుండు ఒంట్లో ఎక్కడ చిక్కుకుందో డాక్టర్లకు అంతుబట్టలేదు. బెల్ ఒక మిషను తయారుచేసి పట్టుకెళ్లాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు దాన్ని తికమక పెట్టాయంటారు. అంతకంటే పెద్ద అడ్డంకి పెద్ద డాక్టరు. గుండు కుడివైపే ఉందని ఆయన ముందే తీర్మానించేశాడు, ఎడమవైపు వెతకనివ్వలేదు. సెప్టెంబరులో అధ్యక్షుడు కన్నుమూశాక, శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. మామ కూడా ఉత్తరపు బురుజు తప్ప ఇంకో దిక్కు వెతకడు. అక్కడే ఉందని వాళ్ల తాత తీర్మానించాడు.

"ఉత్తదే అయితే గవర్నమెంటు ఎందుకు తవ్వింది?" అనేది ఆయన అమ్ములపొదిలో చివరి బాణం. తవ్విన మాట నిజమే. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వకాలు మొదలయ్యాయి. ఎముకలూ ఇటుకలూ బయటపడ్డాయి, బిందెలు రాలేదు. అంతకు ముందు 2013లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో, వెయ్యి టన్నుల బంగారం ఉన్నట్టు ఒక సాధువుకు కల వచ్చిందంటే భారత పురావస్తు శాఖ పార పట్టింది. బంగారం కలలోనే ఉండిపోయింది. మనకు ఇవి రెండు ఓటములు. మామకు రెండు సర్టిఫికెట్లు.

దొరికితే ఎవరికెంత అన్న లెక్క మాత్రం దొరక్క ముందే తేలాలి. చేను గలాయనకు సగం, మిషనుకు మూడో వంతు, ముహూర్తం పెట్టిన స్వామికి పావు. ఇక్కడికే బిందె దాటిపోయింది. గడ్డపార అల్లుడికి ఇంకా ఏమీ రాలేదు. ఈ పంపకం దగ్గరే ఏటా రెండు కుటుంబాలకు మాటలు పోతాయి.

1878 నాటి నిధుల చట్టం లెక్క ఇంతకంటే సులువు. పది రూపాయలకు మించి విలువైన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దానికి హక్కుదారులెవరూ లేరని తేలి, ముందస్తు ఒప్పందమూ లేకపోతే, దొరికినవాడికి ముప్పావు, నేల గలవాడికి పావు. సర్కారు కావాలనుకుంటే వెల కట్టి తీసుకుంటుంది. చెప్పకుండా దాచుకుంటే వాటా పోవడంతో పాటు ఏడాది దాకా జైలు. ఇది వినిపిస్తే మామ ముఖం చిట్లించి, "పది రూపాయలకు టీ కూడా రాదు గదప్పా" అంటాడు. చట్టంలో ఆయనకు నచ్చనిది ఆ ఒక్క అంకె కాదు, మొత్తం చట్టమే.

రాత్రిపూట వచ్చి నంది విగ్రహాల పొట్టలు పగలగొట్టే ముఠాలు వేరే. వాళ్ల మీద హాస్యం రాదు. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం నేరం. వాళ్ల సంగతి పోలీసులు చూసుకోవాలి. మామ పగటి మనిషి. చూసేవాళ్లు లేకపోతే ఆయనకు మిషను పట్టబుద్ధి కాదు.

తొలకరి పడగానే, వజ్రాలు దొరుకుతాయని జనం వెతికే జొన్నగిరి చేలల్లోకి కూడా మామ మిషను వేసుకుని వెళ్లాడు. వజ్రమంటే బొగ్గు జాతి, లోహం కాదు. ఏ నాబు ఎటు తిప్పినా అది పలకదు. వర్షం కడిగిన నేల మీద తళుక్కుమనే రాయి కోసం కళ్లతో వెతుకుతున్న ఆడవాళ్ల మధ్య మామ నాలుగు తలపిన్నులు ఏరుకుని వచ్చాడు. వాటిలో రెండు వాళ్లవే, తిరిగిచ్చేశాడు.

ఆయన మిషను నిజంగా బంగారం పట్టిన సందర్భం ఒకటుంది. కలుపు తీస్తూ ఒకామె చేలో కమ్మ పోగొట్టుకుంది. ఏడుపు విని మామ వచ్చాడు. ఆ రోజు ఆయన వేరే మనిషి. ముందు జత కమ్మ అడిగి తీసుకుని, కాయిలు కింద ఆడించి, ఆ శబ్దం విన్నాడు, తెర మీద అంకె చూసుకున్నాడు. ఆమె ఏ సాలులో కూర్చుందో అడిగాడు. మెట్టెలూ కొడవళ్లూ ఉన్నవాళ్లందరినీ గట్టు మీదికి పంపాడు. సెల్‌ఫోను తీసి చెట్టు కింద పెట్టాడు. సెన్సిటివిటీ తగ్గించాడు. సాలు వెంబడి అడుగులో అడుగేసుకుంటూ, కాయిలు లేపకుండా, నిదానంగా నడిచాడు. మోగిన చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పి, రెండు గీతలూ కలిసిన చోట వేలు పెట్టాడు. రెండు వేళ్ల లోతులో కమ్మ ఉంది. పోయిందేమిటో తెలుసు, పోయిన చోటూ తెలుసు; ఆ రోజు మిషనుకు చెప్పాల్సిన కథ ఏదీ మిగల్లేదు.

ఆమె డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మరునాడు టీ బంకు దగ్గర అందరూ మెచ్చుకుంటే, "కమ్మే గదప్పా, నిధి కాదు గదా" అని మాట మార్చి ఉత్తరపు బురుజు సంగతి ఎత్తుకున్నాడు.

కనుక మీ ఊళ్లో డిటెక్టరు మామ ఉంటే ఆయన నంబరు రాసి పెట్టుకోండి. చేలో కమ్మ పడిపోయినా, గడ్డిలో ఉంగరం జారిపోయినా, మట్టి కప్పేసిన ఇనుప మూత కనిపించకపోయినా ఆయన్నే పిలవండి. జత కమ్మ ఉంటే చూపించండి, టీ ఇప్పించండి. బిందెల మాట మాత్రం పొరపాటున కూడా ఎత్తకండి. ఎత్తారంటే మీకూ ఒక వాటా రాస్తాడు, గడ్డపార కూడా మీ చేతికే ఇస్తాడు.