అనుమానితుల జాబితా

మా బాబాయి జన్మంతా డిటెక్టివ్ నవలలే చదివాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో ఆయనకి ఇంట్లో మనుషుల కింద లెక్క. అద్దె లైబ్రరీల రోజుల్లో ఎవడో పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే ‘వంటవాడే హంతకుడు’ అని పెన్సిలుతో రాసిపెడితే, అక్షరాల వాలు చూసి వీధి చివర వాణ్ణి పట్టేశాడని చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది ఆయనే.

ఇలాంటివాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. కొందరికి భక్తి పుస్తకాలు, కొందరికి వ్యక్తిత్వ వికాసం. రిటైరయ్యాక ఉన్నట్టుండి ‘ఎన్నాళ్లీ ఒకటే రకం? పరిధి పెంచుకోవాలి’ అనిపిస్తుంది వీళ్లకి. బాబాయికి అది విజయవాడ పుస్తక మహోత్సవంలో అనిపించింది. డిటెక్టివ్ నవలల స్టాలు ముందు మొహం తిప్పుకుని నడిచి, ఎన్నడూ ముట్టని పుస్తకాలు కొన్నాడు. సంచీ మోసింది నేను.

ముందుగా బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. పేరు చూసి, ఒక్కొక్కళ్లే పోయి ఆఖరికి ఒకడు మిగిలే కథనుకున్నాడు పాపం. దయానిధి డాక్టరని తెలియగానే అనుమానితుల జాబితాలో పైన రాసేశాడు. పూర్తయ్యాక రెండు రోజులు పలకలేదు. కదిలిస్తే, “కేసు తేలలేదురా. కానీ కుర్రాడు అమాయకుడు” అన్నాడు. విమర్శకులు మాత్రం ఇంతకంటే ఏం తేల్చారు గనక!

తరవాత నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’. నక్షత్రాలూ గెలాక్సీలూ అన్నీ దాటొచ్చి కళ్లజోడు తీశాడు.

“ఇంత పెద్ద పని జరిగింది. చేసిందెవరో ఆఖరి పేజీలో కూడా చెప్పలేదు!”

“నన్నడగండి, నే చెప్తా” అంది పిన్ని దేవుడిగదిలోంచి. సాక్షి నిష్పాక్షికం కాదని కొట్టిపారేశాడు.

ఆయన్ని అసలు పట్టుకున్నది ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’. వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మేలో బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ ఊరెంతుంది, నీళ్ల వసతేమిటి, అంగళ్లలో ఏం దొరుకుతుంది, ఏరు ఎలా దాటాలి అన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. పిళ్లె వాటిని 1838లో అచ్చువేయించాడు.

“ఇంగ్లీషువాళ్ల కోర్టులో ఉద్యోగం. వెంట పరివారం. ఊరూరా వివరాలు. పైగా మద్రాసుకి ఉత్తరాలు! ఏమిట్రా ఇదంతా?”

“తీర్థయాత్ర బాబాయ్.”

“పుణ్యానికెళ్లినవాడికి అంగళ్ల సంగతెందుకూ?”

హాల్లో కేలండరు తీసేసి ఇండియా మ్యాపు తగిలించాడు. ఎర్ర స్కెచ్‌పెన్నుతో తిరుపతి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ. అక్కణ్ణుంచి గయ, కలకత్తా, పూరీ, మళ్లీ మద్రాసు. కాస్త వెనక్కి జరిగి నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు: “వెళ్లిన దారిన రాలేదు. గమనించావా?”

నవ్వొచ్చింది గానీ, ఆ పుస్తకం మీద పరీక్షల్లో పేజీలకి పేజీలు రాసినవాళ్లని ఎందరినో చూశాను. మజిలీ మజిలీ వెతుక్కుంటూ మ్యాపు మీద నడిచినవాడు మాత్రం మా బాబాయొక్కడే. గోదావరి దాటిన చోటు దొరక్క ఒక పూట అన్నం మానేశాడు. పాత పేర్లకీ కొత్త పేర్లకీ పొంతన కుదరక స్కూలు అట్లాసు కోసం పక్కింటి పిల్లాణ్ణి కాకాపట్టాడు. పరిధి పెరిగిందంటే పెరిగింది. అనుమానం మాత్రం అంగుళం తగ్గలేదు.

సంచీ ఖాళీ అయ్యాక ఆయన కన్ను పిన్ని దాచుకున్న మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ మీద పడింది. వేలు నాకి పేజీ తిప్పుతూ, అంచుల్లో పెన్సిలు గీతలు పెడుతూ రెండు పూటల్లో ముగించాడు. నిన్న పులిహోర నోట్లో పెట్టుకుని ఆగాడు.

“ఇందులో ఇంగువ ఉండాలి. ఏమైంది?”

“డబ్బా అలమరలో ఉంది. వెళ్లి దాన్నే అడగండి” అంది పిన్ని.

ఎంగిలిచేత్తోనే లేచి వెళ్లాడు. లోపల్నించి కేకేశాడు: “మూత మీద వేలిముద్రలున్నాయి. ఎవరూ ముట్టుకోకండి!”