దాతబండి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

బండి విప్పి కొత్త బండిగా కట్టినా
పాత పత్రమొకటి పదిలముంచు;
పేరు నీదెయైన పెత్తనమే కాని
స్వామివీవు కావు స్వాన్సిలోన.

అవతారిక

మూలం లేనిదే టీక పుట్టదు కనుక పద్యం కూడా వ్యాఖ్యాతే రాసుకున్నాడు. పూర్వులు ఇంత సాహసం చేయలేదు. వారికి కారు కాగితాల బాధ లేదు.

బ్రిటన్‌లో గ్యారేజీ గల గృహస్థులు కొందరికి ఒక వ్యసనం ఉంది. పాత కారొకటి కొని, ఎముకలు తేలేదాకా విప్పి, ఇంజను, గేరుబాక్సు, యాక్సిలు, స్టీరింగు బయటికి లాగి, వేరే కొనుక్కున్న చాసిస్ మీద బిగించి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా రోడ్డెక్కిస్తారు. చాసిస్, పైతొడుగు వగైరా పెట్టెల్లో వస్తాయి, అది కిట్. అవయవదానం చేసే పాత కారు డోనర్. ఒకప్పుడు ఫోర్డ్ ఎస్కార్టు, ఆ తర్వాత సియెర్రా, ఈ కాలంలో మాజ్డా ఎంఎక్స్-5 ఈ దానానికి పేరుపడ్డాయి.

ఈ వ్యసనానికి మూలపురుషుల్లో ఒకడు 1957లో వచ్చిన లోటస్ సెవెన్. కట్టిన కారు మీద అప్పట్లో కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల పెట్టె మీద ఉండేది కాదు. బిగించే విధానం కాగితం మీద ఇస్తే పన్ను పడుతుందని, లోటస్ వాళ్లు విప్పే విధానం ముద్రించి ఇచ్చారనీ, కొన్నవాడు దాన్ని కిందినుంచి పైకి చదువుకున్నాడనీ ప్రతీతి. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడు సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి. వెసులుబాటు పోయినా వ్యసనం పోలేదు.

ప్రతిపదార్థం

బండి = దాతబండిని; విప్పి = నట్టుకు నట్టు విడదీసి (ఏ నట్టు దేనిదో మరచి, అని అధ్యాహారం); కొత్త బండిగా = చూపరులు గుర్తుపట్టలేని రూపంతో; కట్టినా = కట్టినప్పటికీ (ఏళ్లు పట్టిందని ధ్వని); పాత పత్రము = ఆ దాతబండి తాలూకు వీ5సీ అనే నమోదు పత్రము, లోకంలో లాగ్‌బుక్; ఒకటి = అసలుదే, జిరాక్సు కాదు; పదిలముంచు = గ్యారేజీలో గ్రీజు డబ్బా కింద కాక ఇంట్లో బీరువాలో ఉంచుము; పేరు = అందులో అచ్చయిన నామధేయము; నీదెయైన = నీదే అయినప్పటికీ; పెత్తనమే కాని = సంరక్షణభారమే తప్ప; స్వామివి = హక్కుదారువు; ఈవు = నీవు; కావు = కాజాలవు; స్వాన్సిలోన = వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో కొలువైన డీవీఎల్‌ఏ అను వాహన శాఖ దృష్టిలో.

తాత్పర్యం

కారు పోయినా కాగితం పోగొట్టుకోకు. కాగితం ఉంది కదా అని కారు నీదనుకోకు.

విశేషాలు

"స్వామివీవు కావు" అన్నది కవి కోపంతో అన్న మాట కాదు. వీ5సీయే తన ముఖాన ఆ సంగతి అచ్చువేసుకుని వస్తుంది: ఇది చట్టరీత్యా యాజమాన్యానికి రుజువు కాదు, బండిని నమోదు చేయించి పన్ను కట్టవలసింది ఎవరో మాత్రమే చెబుతుంది. తన శక్తి ఇంతేనని పెద్ద అక్షరాలతో చెప్పుకునే సర్కారీ పత్రాన్ని వ్యాఖ్యాత మరెక్కడా చూడలేదు. అందులో పేరున్నవాడిని రిజిస్టర్డ్ కీపర్ అంటారు. పన్ను నోటీసు, కెమెరా పట్టిన స్పీడు నోటీసు ముందుగా ఆయన తలుపే తడతాయి. బండి మాత్రం వేరొకరిది కావచ్చు.

ఇక్కడ పూర్వపక్షం: రుజువు కాని కాగితం మీద ఇంత పట్టుదల ఎందుకు? సమాధానం: అవి రెండు వేరు ప్రశ్నలు. బండి నీదని చూపేది అమ్మినవాడు రాసిచ్చిన రసీదు, డబ్బు వెళ్లిన బ్యాంకు జాడ. బండి ఏదో, ఏ ఏటిదో చూపేది వీ5సీ. దాతబండి విషయంలో రెండూ కావాలి. చాలామంది రెండోది దాచి మొదటిది పారేస్తారు.

మన ఆర్‌సీకి అలవాటుపడిన కన్ను ఇక్కడ పొరబడే వీలుంది. మన దగ్గర అప్పు మీద కొన్న బండి ఆర్‌సీలో హైపోథికేషన్ అని రాసి ఉంటుంది, అప్పు తీరాక ఫారం 35 పెట్టి కొట్టేయించుకుంటాం. వీ5సీలో అప్పు ఊసే ఉండదు. హైర్ పర్చేజ్ మీద తీసుకున్న కారు ఆఖరి వాయిదా కట్టేదాకా ఫైనాన్స్ కంపెనీదే. అది తెలియక కొని గేరుబాక్సు దించినవాడు పరుల సొత్తును ముక్కలు చేసి తన గ్యారేజీలో వరుసగా పేర్చుకున్నవాడవుతాడు. తెలియక కొన్న మామూలు కొనుగోలుదారును 1964 నాటి హైర్ పర్చేజ్ చట్టం కాపాడుతుంది, నిజమే. అయినా కొన్ని పౌండ్లతో అప్పు ఉందో లేదో ముందే విచారించుకునే వీలుండగా, చట్టం చాటున దాక్కోవడం స్పానరు పట్టినవాడికి శోభించదు.

ఇక "పాత పత్రము" మహిమ. కొత్త చాసిస్ కిట్ తయారీదారు నుంచి వచ్చి, దాతబండి నుంచి కనీసం రెండు ప్రధాన భాగాలు ఎక్కితే, దాత వయసును బట్టి నంబరు ఇస్తారు. దానికి ముందు ఐవీఏ అనే పరీక్ష నెగ్గాలి. 1998లో ఎస్‌వీఏ పేర మొదలైన పరీక్షకు 2009లో వచ్చిన వారసుడు ఇది. ఆ తర్వాత ఐవీఏ సర్టిఫికెట్టు, వీ627/1 అనే తనిఖీ ఫారం, భాగాల రసీదులు, ఫొటోలు, దాత వీ5సీ, 55 పౌండ్ల రుసుము కలిపి స్వాన్సీకి పంపాలి. అక్కడ కిట్ల కోసం, తిరగగట్టిన బండ్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

రుజువులు చాలకపోతే 1983 నుంచి వస్తున్న క్యూ నంబరు పడుతుంది. దాని అర్థం ఈ బండి వయసు, పుట్టుక చెప్పలేమని. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పినట్టన్నమాట. క్యూ పడిన బండికి సొంత సరదా నంబరు తగిలించుకోవడం కూడా కుదరదు. చిత్రమేమంటే, 17 అక్షరాల చాసిస్ నంబరులో క్యూ నిషిద్ధం. సున్నాలా కనిపిస్తుందని దాన్ని అక్కడినుంచి వెలివేశారు. వెలివేసిన అక్షరానికి నంబరు ప్లేటు మీద, అదీ మొట్టమొదటి స్థానంలో, ఆశ్రయమిచ్చారు.

ఒక సూక్ష్మం. ఎంఎక్స్-5లో చాసిస్ నంబరు చెక్కి ఉండేది బాడీ డొల్ల మీద. కట్టేవాడు పారేసేది సరిగ్గా ఆ డొల్లనే. అప్పుడు పత్రానికీ మిగిలిన ఇనుముకూ మధ్య సాక్షి ఇంజను నంబరు, అది వీ5సీలో రాసి ఉంటుంది. పాత యజమాని ఎప్పుడో ఇంజను మార్చి స్వాన్సీకి చెప్పకపోతే సాక్షి అడ్డం తిరుగుతాడు. విప్పడానికి ముందే ఈ రెండు నంబర్లూ ఫొటో తీసుకోవాలి, విప్పుతున్నంతకాలం బండి రోడ్డు మీద లేదని సోర్న్ ప్రకటన ఇవ్వాలి.

డొల్లను వదిలించుకునే చోట గొప్ప అపాయం ఉంది. అధికారిక తుక్కు యార్డుకు డొల్లతో పాటు వీ5సీ కూడా సమర్పిస్తే, వారు మర్యాదగా ధ్వంస ధ్రువపత్రం జారీ చేస్తారు. రికార్డుల్లో ఆ కారు చచ్చిపోయినట్టే, మళ్లీ రోడ్డెక్కే వీలు లేదు. దాత వయసు చెప్పుకుని నంబరు అడగవలసిన దారి అక్కడే మూసుకుపోవచ్చు. అలాగని చెప్పకుండా ఊరుకోనూ కూడదు, బండిని తుక్కు చేసిన సంగతి తెలపకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా. కాబట్టి యార్డుకు ఫోన్ చేసే ముందు స్వాన్సీకి ఉత్తరం రాయడం మేలు.

పాఠాంతరం

పద్యం వినిపించగా ఒక కిట్ మిత్రుడు "పెత్తనమే" అన్నచోట "పేచీలే" అని ఉండాలన్నాడు. గణం చెడుతుంది, యతి చెడదు, అర్థం బాగుపడుతుంది. "స్వామి", "స్వాన్సి" ఒకే పాదంలో పడటాన్ని ఆయన అలంకారమన్నాడు. యతి కోసం పడిన అవస్థ అని వ్యాఖ్యాత మనవి.

అనుక్తం

పద్యం చెప్పనిది సగం కట్టి వదిలేసిన కిట్ల సంగతి. ఇవి చవకగా దొరుకుతాయి. చాసిస్ ఒకటి, పెట్టెలు కొన్ని, టార్పాలిన్ కింద ఇంజను. దాత వీ5సీ అడిగితే ఎక్కడో ఉందంటారు. వీ62 ఫారంతో, 25 పౌండ్లతో కొత్త పత్రం అడగవచ్చు గాని, పాత కీపరుకు ఉత్తరం వెళ్తుంది, ఆయన ఏమంటాడో ఆయన దయ. రసీదులు మొదట కట్టినవాడి పేరున ఉంటాయి. అవన్నీ కావాలి, వాటితో పాటు ఏ నంబరు చాసిస్, ఏ నంబరు ఇంజను, ఏ కారు నుంచి వచ్చిన భాగాలు నీకు అమ్ముతున్నదీ విడివిడిగా రాసి సంతకం చేసిన కాగితం కావాలి. అమ్మేవాడు ముందు ఇంజను స్టార్టు చేసి వినిపించబోతాడు. వినిపించనివ్వండి. ఆ హోరులోనే వంగి నంబరు రాసుకుని, టీ తాగుదాం రమ్మన్నప్పుడు లోపలికి వెళ్లి, రసీదుల అట్టపెట్టె ఏ అటక మీద ఉందో అడగండి.