బ్రెయిలీ పలకా, బిర్యానీ పొట్లమూ

డిసెంబరు 3న మా పక్క ఊళ్ళో దివ్యాంగుల దినోత్సవం ఘనంగా జరిగింది. చూపులేని డిగ్రీ కుర్రాడికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఫొటోలో ఆ పెట్టె మీద ఏడు చేతులున్నాయి. ఎనిమిదోది, కింద బరువు మోస్తున్నది, కుర్రాడిది.

"సార్, ఇందులో ఎన్‌వీడీఏ వేశారా?" అని అడిగాడు వాడు.

"వేయించాం బాబూ, వైరస్ రానే రాదు" అన్నారు అధికారి.

ఎన్‌వీడీఏ అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు. తెలుగూ చదువుతుంది. పైసా ఖర్చు లేదు. చిక్కంతా అక్కడే. ధర లేనిదానికి టెండరెలా పిలుస్తారు, బిల్లెలా పెడతారు?

శిక్షణ ఇవ్వలేదని మాత్రం అనకండి, పాపం. ఒక పూట ఇచ్చారు, బిర్యానీతో సహా. శిక్షకుడు గోడ మీద ప్రొజెక్టర్ వేసి, మౌసు పట్టుకుని "ఇదిగో, ఇక్కడ నొక్కాలి" అన్నాడు. మౌసు ఊసే లేకుండా కీబోర్డుతో పని నడుపుకోవడం నేర్చుకుందామని వచ్చినవాళ్ళకు ఆ "ఇక్కడ" ఎక్కడో ఇప్పటికీ తేలలేదు. సర్టిఫికెట్లు మాత్రం అందాయి.

ఇక ఎవరికేం కావాలో తేల్చడం. సదరం క్యాంపులో డాక్టర్లు చూపు ఎంత పోయిందో శాతాల్లో రాసిస్తారు. 40కి చేరితే పథకాలకు దారి దొరికినట్టే. ఉన్న చూపుతో ఏ సైజు అక్షరం చదవగలవు, నల్ల తెర మీద పసుపు అక్షరాలు నయమా, విని రాసుకోవడం నయమా అని అడిగే బల్ల మాత్రం ఎక్కడా కనబడదు. అందుకే పెద్దక్షరాలు చక్కగా చదవగల ఒక అమ్మాయికి బ్రెయిలీ పలక దక్కింది. ఆమెకు బ్రెయిలీ రాదు. "ఉంచుకో తల్లీ, మున్ముందు పనికొస్తుంది" అన్నారట. దీవెన రూపంలో ఇంతటి శాపం నేను వినలేదు.

మన కుర్రాడు స్నేహితుడి చేత ఎన్‌వీడీఏ వేయించుకుని, తంటాలు పడి నేర్చుకున్నాడు. తెలుగు నోట్సు తెరిచాడు. అది పాత డీటీపీ ఫాంటులో కొట్టింది. కళ్ళకు తెలుగే, లోపల ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ, డాలరు గుర్తులూ. పెద్దన పద్యం వైఫై పాస్‌వర్డులా వినిపించింది.

పరీక్షలొచ్చాయి. కంప్యూటర్ మీద రాస్తానన్నాడు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఆ వీలు కల్పించారు, గంటకు 20 నిమిషాల అదనపు సమయమూ ఇచ్చారు.

"కంప్యూటర్ ఇచ్చింది మీరే కదా సార్" అన్నాడు.

"ఇచ్చింది చదువుకోవడానికయ్యా, రాయడానికి కాదు" అన్నారు ఆఫీసులో.

ఆ రూలేదో ఇప్పించమన్నాడు. మర్నాడు మెయిల్లో సర్క్యులర్ వచ్చింది. స్కాన్ చేసింది, కాస్త ఏటవాలుగా, మీద గుండ్రటి రబ్బరు స్టాంపుతో. కుర్రాడు తెరిచి చెవి ఒగ్గాడు.

"బ్లాంక్" అంది ల్యాప్‌టాప్.